రెండు కిలోమీటర్లు దాటగానే వెనకబడిపోతున్నాడు, ఏం పెట్టాలి?

కావలి కుర్రాడు | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది కావలి పక్కన పల్లె. కానిస్టేబుల్ ఫిజికల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు కొట్టాలి కాబట్టి రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగు. తోడు నా కుక్క కర్ణ. ముధోల్ (వేటకుక్క జాతి) క్రాస్, రెండేళ్ల మూడు నెలలు, మగది. మూడు నెలల క్రితం వరకు నేనే వాణ్ణి వెనక్కి లాగాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు కిలోమీటర్లు దాటగానే తాడు బిగుసుకుంటోంది. వెనక్కి చూస్తే నాలుక బయటపెట్టి నిలబడి ఉంటాడు.

పెట్టే తిండి: పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం రెండు గుడ్లు, రాత్రి చికెన్ షాపులో దొరికే కాళ్లు, తలకాయలు, స్కిన్ అన్నంలో ఉడకబెట్టి. పడుకునే ముందు గ్లాసు పాలు. పెట్ షాపాయన ఎదుగుదలకు మంచిదని చెబితే కాల్షియం సిరప్ రోజుకు రెండు మూతలు. ఈ మధ్య ప్రోటీన్ పౌడర్ కూడా కలుపుతున్నా (నాకోసం తెచ్చుకున్నదే).

బలం రావాలంటే ఇంకేం పెట్టాలి? మటన్ మొదలుపెట్టమంటారా?

పెన్నాగట్టు | ఫిబ్రవరి 9, రాత్రి 9:58

ముందు నీకు మటన్ పెట్టమను ఇంట్లో. 😀 సరదాకన్నాలే తమ్ముడూ. ఫోటో పెట్టు, పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి.

పచ్చిమాంసం పార్టీ | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అన్నం ఆపెయ్ బ్రో. అసలు సమస్య అదే. కుక్క అంటే తోడేలు. తోడేలు వరి పండించుకుని తినలేదు కదా. పచ్చి మాంసం, ఎముక, లివరు, కొవ్వు, అంతే. మంచులో బండి లాగే కుక్కలు కొవ్వు మీదే పరిగెత్తుతాయి. నా డాబర్‌మన్‌కి ఏడాదిగా ఇదే, ఒళ్లు అద్దంలా మెరుస్తది.

వెట్ స్టూడెంట్ తిరుపతి | ఫిబ్రవరి 9, రాత్రి 11:02

తోడేలు పండించుకోలేదు నిజమే. కానీ కుక్క మన ఎంగిలి తిని వేల ఏళ్లయింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ తయారుచేసే జన్యువు తోడేలుకంటే కుక్కలో చాలా ఎక్కువ కాపీలుగా ఉంటుందని 2013లో స్వీడన్ వాళ్లు తేల్చారు. మెత్తగా ఉడికిన అన్నం కుక్కకు హాయిగా అరుగుతుంది. అన్నం పెట్టడం తప్పు కాదు, అన్నమే పెట్టడం తప్పు.

మంచు కుక్కల సంగతీ అంతే. అలాస్కాలో వెయ్యి మైళ్ల పందెంలో అవి రోజుకు పదివేల క్యాలరీల దాకా తింటాయి, అందులో సగానికి పైగా కొవ్వే. గడ్డకట్టే చలిలో రోజంతా లాగే జీవి లెక్క అది. నెల్లూరు ఉక్కపోతలో అరగంట పరిగెత్తే కుక్కకు అదే కొవ్వు ఒక్కసారిగా పోస్తే పాంక్రియాస్ వాచి డ్రిప్పు ఎక్కించాల్సి వస్తుంది. సంక్రాంతి, కనుమ వెళ్లాక క్లినిక్‌కి వచ్చే వాంతుల కేసులు సగం ఇవే, మిగిలిన పొట్టేలు కొవ్వంతా కుక్కకు వేసేసి ఉంటారు.

తమ్ముడూ, తిండి గురించి తర్వాత చెప్తా. ముందు వీటికి జవాబు చెప్పు. బరువెంత? పరుగు ఎన్నింటికి? ఆగిపోయాక మామూలయ్యేందుకు ఎంతసేపు? పెదవి పైకెత్తి చిగుళ్లు చూడు, ఏ రంగు? చెవుల లోపల, కాలివేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయా?

జోడిపి | ఫిబ్రవరి 10, ఉదయం 5:20

మేము ఉదయగిరి వైపు. గొర్లు మేపుకునేటోళ్లం, జోడిపి అంటే నెల్లూరు గొర్రెల్లో ఒక రకం. మా కుక్కలు మందతో పాటు పొద్దున పోతే పొద్దుగూకి వస్తయ్. ఎంత నడుస్తయ్యో ఎవురు కొలిచినారు? వాటికి పెట్టేది సంగటి, మజ్జిగ. అప్పుడప్పుడు గొర్రె కోసిన రోజు పేగులు, ఊపిరితిత్తులు. ఒక్కటి గూడా ఆయాసపడి నిలబడ్డది నేను చూళ్లేదు. జాతికుక్కలు తెచ్చుకుని పౌడర్లు ఎందుకయ్యా?

వెట్ స్టూడెంట్ తిరుపతి | ఫిబ్రవరి 10, ఉదయం 8:11

పెద్దాయనా, మీ కుక్కలు నిలబడకపోవడానికి కారణం సంగటి కాదు, నడకే. చిన్నప్పట్నుంచి మందతో నడిచి నడిచి కాళ్లు, గుండె రెండూ పదునెక్కాయి. పైగా అవి మధ్యాహ్నం చెట్టుకింద పడుకుంటాయి, ఎవరూ పరిగెత్తించరు.

ఒక్కమాట మాత్రం వినండి. ఊపిరితిత్తులు, కాలేయం పచ్చివి వెయ్యొద్దు. కోసినప్పుడు వాటిలో నీటి బుడగల్లాంటివి చూసే ఉంటారు. అవి బద్దెపురుగు పిల్లలు. కుక్క తింటే దాని పేగుల్లో పెరుగుతాయి, దాని పెంటతో గుడ్లు బయటికొస్తాయి, అవి గడ్డి మీద పడితే మళ్లీ గొర్రెకి, చేతికంటితే మనిషికి. మనిషి కాలేయంలో ఆ బుడగ పెరిగితే ఆపరేషనే. బుడగలున్నవి గొయ్యి తీసి పూడ్చండి. బాగున్నవైనా బాగా ఉడకబెట్టే వెయ్యండి. కుక్కలకు బద్దెపురుగుల మాత్ర మూణ్ణెల్లకోసారి.

జోడిపి | ఫిబ్రవరి 10, ఉదయం 8:30

బుడగలు శానాసార్లు చూసినా. కుక్కకేస్తే పోద్దనుకుంటిమి. సరే.

కావలి కుర్రాడు | ఫిబ్రవరి 10, రాత్రి 8:45

జవాబులు. రైస్ మిల్లు కాటా మీద తూచా, 21 కిలోలు. డిసెంబర్లో 24 ఉన్నాడు (అప్పుడు డాక్టర్ దగ్గర తూచారు). పరుగు ఆరున్నర, ఏడింటికి. ఆగిపోతే పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు రొప్పుతూనే ఉంటాడు. చిగుళ్లు ఫోటో పెట్టా, తెల్లగానే ఉంటాయి కదా? చెవుల్లో గోమార్లు ఉన్నాయి, మా వైపు పిడుదులంటాం. పది, పదిహేను తీశా. వేపనూనె రాస్తున్నా.

మాలి వాళ్ళమ్మ | ఫిబ్రవరి 10, రాత్రి 9:03

బాబూ, చిగుళ్లు తెల్లగా ఉండకూడదు. మన నోట్లో లాగే గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. ఆ ఫోటో చూస్తే నాకు భయమేస్తోంది. రేపు పరుగు వద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

వెట్ స్టూడెంట్ తిరుపతి | ఫిబ్రవరి 10, రాత్రి 9:10

మేడమ్ మాటే నా మాట. మూడు కిలోలు తగ్గడం, పాలిపోయిన చిగుళ్లు, గోమార్లు, ఆయాసం. ఇది తిండి కేసు కాదు. రక్తపరీక్ష చేయించు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం), ప్లేట్‌లెట్లు అడుగు, టిక్ ఫీవర్ (గోమార్లు అంటించే జబ్బు) కిట్ ఉంటే అదీ. పరుగు పూర్తిగా బంద్.

ఒంగోలు గిత్త | ఫిబ్రవరి 10, రాత్రి 10:20

నాకు కుక్కల గురించి తెలియదు, మాది బండలాగుడు. మా నాన్న చెప్పేవాడు, ఎద్దు బండ దగ్గర వెనకబడిందంటే దాణా బుట్ట వైపు కాదు, దాని కంటి వైపు చూడమని. రెప్ప కిందకి లాగితే లోపల ఎర్రగా ఉండాలి. అడిగినదానికన్నా ఎక్కువ చెబుతున్నానేమో, క్షమించాలి.

కావలి కుర్రాడు | ఫిబ్రవరి 13, రాత్రి 7:30

టిక్ ఫీవరే. ప్లేట్‌లెట్లు 62 వేలు, రెండు లక్షల పైన ఉండాలన్నారు. పీసీవీ 26. డాక్టర్ గారు 28 రోజులు డాక్సీసైక్లిన్ రాశారు, రక్తం పట్టడానికి సిరప్, కడుపుకి ఒక మాత్ర. వారం ఆలస్యం చేసి ఉంటే రక్తం ఎక్కించాల్సి వచ్చేదట.

మూడు నెలలుగా వాణ్ణి బద్ధకం అని తిట్టా. తాడు పట్టుకుని లాగా కూడా.

విశ్రాంత హ్యాండ్లర్ | ఫిబ్రవరి 13, రాత్రి 8:15

లాగిన సంగతి మేమందరం ఎప్పుడో ఒకప్పుడు చేసినదే, దానికి కూర్చుని బాధపడకు. ఒంగోలులో ఉంటాను. పోలీస్ కుక్కలతో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మాట్లాడని జీవితో పనిచేసేటప్పుడు ఇది జరుగుతుంది.

మాత్ర ఎలా ఇస్తున్నావు? ఖాళీ కడుపుతో ఇవ్వకు. ముద్దలో పెట్టి ఇవ్వు, తర్వాత నీళ్లు తాగేలా చూడు. ఆ మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది.

వెట్ స్టూడెంట్ తిరుపతి | ఫిబ్రవరి 13, రాత్రి 8:40

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఆ కాల్షియం సిరప్, రాత్రి పాలు రెండూ ఆపు. కాల్షియం ఈ మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. మాత్ర వేసి పైన గ్లాసు పాలు పడితే కొంత మందు వృథా. రక్తం సిరప్‌లో ఐరన్ ఉంటుంది, అదీ ఇంతే. మాత్రకీ సిరప్‌కీ కనీసం రెండు మూడు గంటల తేడా పెట్టు.

ప్రోటీన్ పౌడర్ డబ్బా మీద స్వీటెనర్ ఏముందో చదివావా? జైలిటాల్ ఉంటే కుక్కకి విషం, కొద్దిగా చాలు షుగర్ పడిపోతుంది. లేకపోయినా దాని అవసరమే లేదు. డబ్బా నువ్వే ఖాళీ చెయ్.

కావలి కుర్రాడు | ఫిబ్రవరి 13, రాత్రి 8:52

జైలిటాల్ లేదు, సుక్రలోజ్ ఉంది. అయినా ఆపేశా. గోమార్లు మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి? మా మామయ్య గేదెలకు కొట్టే మందు ఉంది, పోయమంటున్నాడు.

మాలి వాళ్ళమ్మ | ఫిబ్రవరి 13, రాత్రి 9:05

వద్దు వద్దు. మా వీధిలో ఒకాయన గేదెల మందు లెక్క తెలియకుండా కలిపి పోసి కుక్కని పోగొట్టుకున్నాడు. నాకుతాయి కదా, ఒంటి మీది మందంతా కడుపులోకే పోయింది. మూణ్ణెల్లకోసారి ఇచ్చే నమిలే మాత్ర ఉంటుంది, డాక్టర్ని బరువు చెప్పి అడుగు. ఖరీదే. కానీ ఇప్పుడు లాబ్‌కి పెట్టిన డబ్బుకన్నా తక్కువే.

ఇంకోటి, కుక్క మీద తీసేస్తే అయిపోదు. కుక్కల గోమారి రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో గుడ్లు పెడుతుంది. వాడు పడుకునే చోట గోడ మూలలు, మంచం పట్టీలు, గుమ్మం సందులు చూడు. మా పాత ఇంట్లో రాత్రిపూట టార్చి వేస్తే గోడెక్కుతూ కనిపించేవి. పగుళ్లకి సిమెంటు పెట్టి సున్నం కొట్టించాకే తగ్గాయి. ఏరిన వాటిని వేళ్ల మధ్య నలపకు, సబ్బునీళ్లలో వెయ్.

రొయ్యలగుంట | ఫిబ్రవరి 14, ఉదయం 6:45

అన్నా, దీనిలోనే అడుగుతున్నా. గుంటల దగ్గర కాపలాకి మూడు కుక్కలున్నాయి. రాత్రంతా గట్టు చుట్టూ తిరుగుతాయి. వాటికి చచ్చిన రొయ్యలు పెట్టొచ్చా? చుట్టూ ఉప్పునీళ్లే, ఎప్పుడన్నా గుంట నీళ్లు తాగుతుంటాయి.

వెట్ స్టూడెంట్ తిరుపతి | ఫిబ్రవరి 14, ఉదయం 9:30

గట్టు మీద కొట్టుకొచ్చిన చచ్చిన రొయ్యలు వద్దు, ఎంతసేపయిందో, ఎందుకు చచ్చాయో తెలియదు. తాజావి పొట్టు తీసి ఉడకబెట్టి పెడితే భేషుగ్గా తింటాయి. మంచినీళ్ల తొట్టి మాత్రం గట్టుకి రెండు చివర్లా పెట్టండి. దాహమేస్తే కుక్క దగ్గర్లో ఉన్న నీళ్లే తాగుతుంది, ఉప్పని దానికి తెలిసినా సరే. గట్లల్లో ఎలుకలుంటాయి కాబట్టి లెప్టో (ఎలుకల మూత్రం నుంచి అంటుకునే జబ్బు) టీకా ఏటా వేయించండి. వరిపొలాల్లో తిరిగే కుక్కలకీ అదే మాట. రేబిస్ సంగతి వేరే చెప్పక్కర్లేదుగా.

ఈల శీను | ఫిబ్రవరి 16, రాత్రి 11:20

ఇదంతా ఎందుకు సామీ, వారానికి రెండుసార్లు

*[ఈ పోస్ట్‌లో మిగతా భాగం తొలగించాం.]*

మోడరేటర్ | ఫిబ్రవరి 16, రాత్రి 11:41

కుందేళ్ల మీదకి కుక్కల్ని వదలడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఒకదానితో ఒకటి కొట్లాడించడం 1960 చట్టం కింద నేరం. కండిషనింగ్ పేరు పెట్టినా ఇక్కడ ఆ మాటలు ఉండవు. రెండోసారి రాస్తే ఐడీ పోతుంది.

కావలి కుర్రాడు | మార్చి 14, సాయంత్రం 6:10

కోర్సు అయిపోయింది. ఈ రోజు రిపోర్టు: ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, పీసీవీ 41. బరువు 22. ఇల్లంతా పగుళ్లు పూడ్పించా, మా అమ్మ ఇన్నాళ్లకు కుక్క పుణ్యమా అని ఇంటికి సున్నం పడిందని ఒకటే నవ్వు.

డాక్టర్ గారు మెల్లగా మొదలుపెట్టమన్నారు. ఇప్పుడు నా అసలు ప్రశ్న మళ్లీ అడుగుతున్నా. ఏం పెట్టాలి, ఎలా పరిగెత్తించాలి?

వెట్ స్టూడెంట్ తిరుపతి | మార్చి 14, రాత్రి 9:15

41 బాగుంది. అయినా గ్రేహౌండ్ లాంటి వేటకుక్క జాతుల్లో ఎర్రకణాలు మామూలుగానే ఎక్కువ, గ్రేహౌండ్‌కి 50 దాటి ఉండటం సహజం. నీది ముధోల్ క్రాస్ కాబట్టి ఇంకా కొంచెం పెరుగుతుందనుకో, తొందరపడకు. (గ్రేహౌండ్స్ అంటే మనవాళ్లకి అడవి పోలీసులే గుర్తొస్తారు, నువ్వెలాగూ ఆ దారిలోనే ఉన్నావు.)

ఇక లెక్క. 22 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉంటే రోజుకు దాదాపు 700 క్యాలరీలు. మామూలుగా తిరిగేదానికి దాన్ని 1.6తో హెచ్చించు, 1100 చిల్లర. నీతోపాటు పరిగెత్తేటప్పుడు 1300, 1400 దాకా. నేనయితే ఇలా పెడతా: బియ్యం 150 గ్రాములు (ఉడకకముందు తూకం, నూకలైనా పర్లేదు), స్కిన్ లేని చికెన్ 350 గ్రాములు, ఉడికించిన గుడ్లు రెండు, లివరు నిమ్మకాయంత, కాసిని గుమ్మడికాయ ముక్కలో క్యారెటో, చెంచా నూనె, కప్పు పెరుగు. ఇది 1200 పైన వస్తుంది. పరుగు పెరిగేకొద్దీ చికెన్, నూనె పెంచుకుంటూ పో, ఒక్కసారి కాదు.

లివరు బలమని రోజూ పావుకిలో పెట్టేవాళ్లున్నారు, విటమిన్ ఏ ఎక్కువై కీళ్లు బిగుసుకుంటాయి. పచ్చి తెల్లసొన వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ ఇంట్లో మిగిలినా వెయ్యొద్దు. బిర్యానీ కూడా, అందులో ఉల్లిపాయ ఎంతుంటుందో తెలుసు కదా.

కాల్షియం. ఎముకలేని మాంసం, అన్నంలో కాల్షియం దాదాపు ఉండదు కాబట్టి అది కావాలి, కానీ మూతలకి మూతలు సిరప్ కాదు. గుడ్డుపెంకులు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చెయ్. రోజుకి ముప్పావు చెంచా చాలు. ఉడికించిన కోడి ఎముక మాత్రం వేయకు, సూదుల్లా చీలుతుంది. పూర్తిగా ఇంటి తిండే అయితే జింకు, అయోడిన్ లాంటివి తక్కువపడతాయి, మీ డాక్టర్ని అడిగి ఒక మినరల్ మిక్స్ పెట్టుకో.

పచ్చిమాంసం పార్టీ | మార్చి 14, రాత్రి 9:50

పెరుగు, గుమ్మడికాయ! కుక్కకి అత్తగారింటి భోజనంలా ఉంది.

మాలి వాళ్ళమ్మ | మార్చి 14, రాత్రి 10:08

ఉండనివ్వండి సార్. మీ డాబర్‌మన్ బాగుంది, సంతోషం. మా మాలినాకి (బెల్జియన్ మాలినా జాతి కుక్క) నేనూ ఆర్నెల్లు పచ్చిదే పెట్టాను. మన చికెన్ షాపు మొద్దు, కత్తి, ఆ బకెట్టు చూశాక నాకే ధైర్యం చాల్లేదు. ఇంట్లో పసిపిల్ల పాకుతోంది. దానికి సాల్మొనెల్లా అంటితే ఎవరిది బాధ్యత? ఫ్రీజర్, శుభ్రం, నమ్మకమైన షాపు ఉన్నవాళ్ల సంగతి వేరు.

నెత్తళ్లు ఎవరూ చెప్పలేదేం? వారంలో రెండు రోజులు చికెన్ బదులు నెత్తళ్లు ఉడకబెట్టి పెడతా. చవక, మంచి కొవ్వు. ఎండునెత్తళ్లు కాదు, వాటిలో ఉప్పు ఎక్కువ.

ఒంగోలు గిత్త | మార్చి 15, ఉదయం 6:00

ఉలవలు ఉడకబెట్టి పెడితే? మా గిత్తలకి పందెం ముందు రెండు నెలలు ఉలవలే ప్రాణం.

వెట్ స్టూడెంట్ తిరుపతి | మార్చి 15, ఉదయం 8:25

నాలుగు గదుల కడుపు, నెమరు ఉన్న జీవికి ఉలవలు బంగారం. కుక్కకి గుప్పెడు పెడితే గ్యాసే. దాని వెనకాల పరిగెత్తేది తమ్ముడు, పాపం.

ఒంగోలు గిత్త | మార్చి 15, ఉదయం 8:40

😀 సరే, తిండి వదిలేస్తా. పని గురించి చెప్తా, అది ఏ జీవికైనా ఒకటే అనుకుంటున్నా. మేము రోజూ బండ కట్టం. కొత్తగా తెచ్చిన గిత్తని ముందు ఊరికే నడిపిస్తాం, ఉదయం ఒక మైలు, సాయంత్రం ఒక మైలు. తర్వాత ఖాళీ బండి. తర్వాత దుక్కిలో. బరువు కట్టిన మర్నాడు బరువు కట్టం, చెరువులో ఈత కొట్టించి ఒళ్లు రుద్ది వదిలేస్తాం. పందానికి నాలుగు రోజుల ముందు అసలు బండ ముట్టుకోం. కొత్తవాళ్లు ఆ నాలుగు రోజులూ ఆగలేరు. ఆఖరి రోజు దాకా లాగించి, పందెం రోజు మా గిత్తకి ఏదో చేశారంటారు.

విశ్రాంత హ్యాండ్లర్ | మార్చి 15, రాత్రి 7:45

గిత్తగారూ, మీరు రాసింది కుక్కల బడిలో మాకు చెప్పినట్టే ఉంది.

అబ్బాయ్, మొదటి రెండు వారాలు నడకే. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి అరగంట. మూడో వారం ఐదు నిమిషాలు నడక, రెండు నిమిషాలు దుడుకు నడక, మళ్లీ నడక. ఎదురు కాళ్లు జతగా పడే ఆ దుడుకు నడకే కుక్కకి అసలైన కసరత్తు, గుండెకీ కండకీ. వారానికి పదో వంతుకన్నా ఎక్కువ పెంచకు. రోజు విడిచి రోజు. ముధోల్ రక్తం కాబట్టి ఉన్నట్టుండి దూసుకుపోతుంది, అది దానికి పుట్టుకతో వచ్చింది. ఆగకుండా ఐదు కిలోమీటర్లు రావడం మాత్రం నువ్వు నేర్పాల్సిందే. తుమ్మలపెంట బీచ్ దగ్గరేగా నీకు. తడి ఇసుక మీద పరిగెత్తించు, పొడి ఇసుకలో వద్దు, భుజాలు పట్టేస్తాయి.

ఇక ఎండ. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఏమనుకోవద్దు.

నేను సర్వీసులో చేరిన నాలుగో ఏడు. మే నెల, ఒక బందోబస్తు. పదింటికి ఒక బస్టాండు వెతకాలి. నా లాబ్రడార్ ఇరవై నిమిషాలు పనిచేసింది. తర్వాత సీట్ల కింద తల పెడుతోంది కానీ వాసన పట్టడం లేదు. నోరు తెరిచి రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు, ఆ సంగతి అప్పటికి నాకు పుస్తకంలోనే తెలుసు. పైఅధికారి పూర్తి చెయ్యమన్నాడు. చేశాను. ఆఖరి వరసలో దాని వెనక కాళ్లు వంకర్లు పోయాయి. నాలుక ఇటుక రంగులో ఉంది, లాలాజలం తీగలా సాగుతోంది.

అక్కడ చేసిన తప్పు ఇప్పటికీ గుర్తే. తడిపిన గోనెసంచి దాని మీద కప్పాం, చల్లబడుతుందని. ఆ సంచి రెండు నిమిషాల్లో వేడెక్కి దుప్పటి అయింది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొంచెం, అంతే. వేడి పోయేది నోటితోనే. కప్పకూడదు. నీళ్లు పోస్తూనే ఉండాలి, పొట్ట కింద, తొడల మధ్య, మెడకి, పక్కన ఫ్యానో, అట్టముక్కతో విసరడమో. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆటో ఎక్కించాలి. మేము ఆటో కోసం పరిగెత్తాం. డాక్టర్ దగ్గర 107 డిగ్రీలు చూపించింది. బతికింది. ఆ వేసవంతా మళ్లీ డ్యూటీ ఎక్కలేదు.

మామూలు ఒంటివేడి 101, 102 ఫారన్‌హీట్. పరుగు తర్వాత 104 చూపించినా పది నిమిషాల్లో దిగడం మొదలవ్వాలి. 106 అంటే ప్రాణం మీదకి వచ్చినట్టే. నాలుగొందల రూపాయల లోపు డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో, కుక్క కోసం వేరే (ఎందుకు వేరే అంటున్నానో నీకు తెలుసు).

సముద్రం పక్కన ఇంకో తంటా ఉంది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండ ఎక్కువ కానీ గాలి పొడి. మన వైపు తెల్లవారుజామున చల్లగా ఉన్నట్టే ఉంటుంది, కానీ గాలిలో తేమ ఎక్కువ, రొప్పినా నాలుక మీది తడి ఆరదు. వేడి లోపలే ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఐదింటికే బయల్దేరు, ఆరున్నరకి ఇంట్లో ఉండు. సాయంత్రం వద్దు, తార్రోడ్డు రాత్రి ఎనిమిదికి కూడా కాలుతుంది. చెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించు, నువ్వు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు.

కావలి కుర్రాడు | మార్చి 15, రాత్రి 8:30

సార్, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నేను పోయినేడాది మేలో ఎనిమిదింటికి తీసుకెళ్లేవాణ్ణి. నీళ్లలో గ్లూకోజు, ఓఆర్‌ఎస్ కలపాలా?

వెట్ స్టూడెంట్ తిరుపతి | మార్చి 15, రాత్రి 8:55

అక్కర్లేదు. మనం చెమటతో ఉప్పు పోగొట్టుకుంటాం కాబట్టి మనకి ఓఆర్‌ఎస్. కుక్కకి పోయేది నీరే. మామూలుగా రోజుకి లీటరు పైన, వేసవిలో ఇంకా ఎక్కువ. తాగనని మొండికేస్తే ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లు రెండు చెంచాలు కలుపు, గిన్నె నాకేస్తాడు.

తిండి వేళ కూడా రాసుకో. పరుగుకి ముందు మూడు నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. వచ్చాక రొప్పడం పూర్తిగా ఆగాక, గంట తర్వాత కొంచెం. అసలు భోజనం సాయంత్రమే. ఛాతీ లోతుగా ఉండే ఇలాంటి కుక్కలు నిండు కడుపుతో పరిగెత్తితే కడుపు మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట డప్పులా ఉబ్బి, వాంతి చేయబోతుంటే ఏమీ రాకపోతే గంటల్లో ఆపరేషన్ జరగాలి, తెల్లారేదాకా చూద్దాం అనకూడదు.

పెన్నాగట్టు | మార్చి 16, ఉదయం 7:05

ఒక డౌటు. నా లాబ్రడార్‌కి 38 కిలోలు. డాక్టర్ తగ్గించమంటాడు. ఇంట్లో మా ఆవిడ, తింటుంటే చూడముచ్చటగా ఉంది కదా అంటుంది. వాణ్ణి పరిగెత్తిస్తే తగ్గుతాడా?

వెట్ స్టూడెంట్ తిరుపతి | మార్చి 16, ఉదయం 8:50

ముందు తగ్గాక పరుగు, పరిగెత్తించి తగ్గించడం కాదు. ఆ బరువుతో పరిగెత్తితే మోకాలి లిగమెంటు తెగుతుంది. అమెరికాలో 48 లాబ్రడార్లని పిల్లలుగా ఉన్నప్పట్నుంచి చచ్చేదాకా గమనించారు. జతలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. పక్కటెముకల మీద చెయ్యి పెడితే నొక్కకుండానే తగలాలి. మేడమ్‌కి ఈ పేరా చదివి వినిపించండి.

మాలి వాళ్ళమ్మ | మార్చి 16, ఉదయం 9:20

ఇంట్లో నేల కూడా చూసుకోండి అన్నా. మనందరికీ చీమకుర్తి గ్రానైటో, టైల్సో. కుక్క మలుపు తిరిగినప్పుడల్లా వెనక కాళ్లు జారతాయి. మాలినా అజిలిటీలో (కుక్కలు అడ్డంకులు దాటే పోటీ) కడ్డీ మీంచి దూకి నేర్చుకున్నదంతా హాల్లో బంతి వెనక జారి పాడుచేసుకుంది, నెలరోజులు కుంటింది. పాత తివాచీ ముక్కలు పరిచాను, గోళ్లు రెండు వారాలకోసారి కత్తిరిస్తున్నా. ఏడాదిన్నర నిండేదాకా పిల్లకుక్కలతో ఎత్తు దూకుడు, లాంగ్ రన్ రెండూ వద్దు, ఎముకల చివర్లు అప్పటికిగానీ ముదరవు.

కావలి కుర్రాడు | మే 2, ఉదయం 7:15

ఇప్పుడే తుమ్మలపెంట నుంచి వచ్చాం. ఏడో వారం. బరువు 23.2.

4:50కి బయల్దేరాం, చీకటే. మొదటి పది నిమిషాలు నడక. నీళ్లు వెనక్కి పోయిన చోట ఇసుక గట్టిగా ఉంది, దాని మీద దుడుకు నడక మొదలుపెట్టా. వలలు లాగేవాళ్ల దగ్గర ఆగి వాసన చూస్తాడు కాబట్టి అక్కడ తాడు దగ్గరగా పట్టుకుంటా. మూడో కిలోమీటరు దగ్గర అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశా. వెనక లేడు. తాడు ముందుకి సాగి ఉంది. మొత్తం 4.6 కిలోమీటర్లు. ఆగాక సెల్‌లో టైమ్ పెట్టి చూశా, రొప్పడం ఆరు నిమిషాల్లో తగ్గింది. చిగుళ్లు గులాబీ. థర్మామీటర్ 103.1, పది నిమిషాలకి 102.2.

గిన్నె నిండా నీళ్లు తాగి నా బూటు మీద తల పెట్టి పడుకున్నాడు.

జోడిపి | మే 2, ఉదయం 7:40

సంతోషమయ్యా. మా కుక్కలకి మాత్రలేసినాం, తొట్లు గూడా కడుగుతుండాం.

విశ్రాంత హ్యాండ్లర్ | మే 2, ఉదయం 8:02

శభాష్. రోహిణి కార్తె అయ్యేదాకా ఇంతకన్నా పెంచకు. వాడి టైములన్నీ రాశావు, నీది రాయలేదేం? 1600 ఎంతకి కొట్టావు?

కావలి కుర్రాడు | మే 2, ఉదయం 8:10

8 నిమిషాల 4 సెకన్లు సార్.

ఒంగోలు గిత్త | మే 2, ఉదయం 8:13

నీ చిగుళ్లు ఫోటో పెట్టు తమ్ముడూ.